పొలమున చల్లిన విషము

పురుగుమందన్నచో మన రైతునకు పొలముగట్టు జ్ఞాపకము వచ్చును గాని సముద్రము జ్ఞాపకమునకు రాదు. కృష్ణా గోదావరీ డెల్టాలలో నలుబది యేండ్ల క్రిందట వ్యవసాయము చేసిన వృద్ధుల నెవరి నడిగినను బి.హెచ్.సి. పొడి యన నేమో చెప్పగలరు. పలుచని గుడ్డమూటలో దానిని పోసి వరిచేలపై దులుపుచు నడచిన చేతులు నేటికిని గ్రామములలో నున్నవి. అదియే పొడి గమాక్సిన్ అను పేర ఇండ్లలోనికి వచ్చి, చీమలకును నల్లులకును ఉపయోగపడెను. పంట యింటికి జేరెను. పొడి కంటికి గనబడకపోయెను. అంతటితో దాని కథ ముగిసినదని యందరును తలచిరి. ముగియలేదని లెక్కగట్టి చూపిన పరిశోధన యొకటి మన పొరుగుననే, మన బంగాళాఖాతపు టొడ్డుననే జరిగియున్నది. ఆ పరిశోధనను గూర్చి తెలుగు పాఠకులకు తెలిసినది మిక్కిలి స్వల్పమని మా యభిప్రాయము.

చిదంబరమునకు సమీపమున, వెల్లారు నది సముద్రములో గలియు చోట పరంగిపేట యను చిన్న పట్టణము కలదు. ఆంగ్లేయులు దానిని పోర్టోనోవో యనెడివారు. 1781లో హైదరాలీ సేనకును కుంపినీ సేనకును ఘోరయుద్ధము జరిగిన తావు అదియే. అచట అణ్ణామలై విశ్వవిద్యాలయమువారి సముద్రజీవశాస్త్ర కేంద్రము కలదు. 1980వ దశకము చివర ఎ. సుబ్రమణియన్, ఎ. రమేష్ మొదలగు దాక్షిణాత్య శాస్త్రజ్ఞులును, జపాను దేశమున మాత్సుయామా నగరమందలి ఎహిమే విశ్వవిద్యాలయమునకు జెందిన తాత్సుకావా, తనాబె షిన్సుకె మొదలగువారును కలసి ఆ నదిని పరీక్షకు గైకొనిరి. వారు నెలనెల నదీజలమును బట్టిరి, గాలిని వడగట్టిరి, వరిమడిలోని మట్టిని, నదీముఖమునందలి బురదను సేకరించిరి. ఏ ఋతువున ఎంత పొడి ఎచట నున్నదో తూచి చూచిరి. వారి ఫలితములు 1989 మొదలు 1991 వరకు వరుసగా ప్రకటితములైనవి.

వారు కనుగొన్న దేమి? రైతులు పొలమున చల్లిన బి.హెచ్.సి.లో నూటికి 99.6 పాళ్లు గాలిలోనికి లేచిపోయినవట! నదిద్వారా నదీముఖమునకు జేరినది 0.4 పాలు మాత్రమే. అందును ముప్పాతిక భాగము నదీముఖమునుండియే మరల ఆవిరియై పోయినది. అనగా రైతు వేయి కిలోల పొడి చల్లినచో, అందులో 996 కిలోలు ఆకాశమున కెగసినవి. నాలుగు కిలోలు నీటివెంట బోయినవి. ఆ నాలుగింటిలో మూడు మరల గాలిపాలై, కడకు సముద్రమును జేరినది ఒక కిలో. నడినెత్తిన మండు సూర్యుడును, మడులలో నిలిచిన వెచ్చని నీరును కలసి ఆ విషమును బట్టీలో నుడికించినట్లు ఉడికించి పైకి బంపినవి. చల్లని దేశములలో నేలలోనే యేండ్లతరబడి పడియుండు పదార్థము మన దేశమున నెలలలో మాయమగుటకు కారణ మిదియే.

ఈ సంఖ్యను జూచి సంతోషించు వారుందురు. మన నేల పరిశుభ్రముగనే యున్నది గదా, మన నదిలోని బురదయందు శేషించినది అల్పమే గదా యని వారందురు. శాస్త్రజ్ఞులు కనుగొన్నదియు అక్షరాల అదియే: అంత విరివిగా వాడినను బురదలో మిగిలినది తక్కువ. కాని మన యింటి చెత్తను గాలికి వదలి యిల్లు శుభ్రమైనదని మురియుట యెట్టిదో ఇదియు నట్టిదే. నశింపని వస్తువు ఒకచోట లేనిచో మరియొకచోట ఉండి తీరవలెను.

ఆ మరియొక చోటు ఎచటనో తెలిసికొనుటకై 1989-90 సంవత్సరములలో ఎహిమే శాస్త్రజ్ఞులు ఓడలపై బయలుదేరి మహాసముద్రముల గాలిని నీటిని పరీక్షించిరి. ఫలితములను ఇవాతా మొదలగువారు 1993లో ప్రకటించిరి. డి.డి.టి. ఆసియా ఖండపు టుష్ణసముద్రములలో నెక్కువగా గనబడెను. బి.హెచ్.సి. యన్ననో, దానిని చల్లు వా డొక్కడైన లేని ఉత్తరధ్రువ ప్రాంతమున, బేరింగు సముద్రమునకు ఆవలి చల్లని నీటిలో నెక్కువగా గనబడెను. వేడిదేశమున ఆవిరియైనది గాలివెంట ప్రయాణించి, చలిదేశమున మంచువలె దిగుచున్నది. వరిచేను లేని చోట, పురుగు లేని చోట, ఆ పొడిపేరైన వినని మనుష్యులు సీలు మాంసమును తిమింగిలపు క్రొవ్వును తినుచు దానిని శరీరములలో నింపుకొనుచున్నారు. ఇట్టి ప్రయాణమే చేయు పి.సి.బి. లను మరియొక రసాయనజాతి, విద్యుత్ ట్రాన్స్‌ఫార్మరులలోని నూనెకు సంబంధించినది, కెనడాదేశపు ఇన్యూట్ తల్లుల చనుబాలలో అదే దేశపు దక్షిణప్రాంతపు తల్లుల పాలలో కంటె అయిదు రెట్లుగా నున్నట్లు 1989లో దెవాయి యను వైద్యశాస్త్రజ్ఞుడు ప్రకటించెను.

తనాబెగారి జీవితపరిశ్రమలో అధికభాగము సముద్రజంతువులను గూర్చినది. వా రొకప్పుడు పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగమున నీటిని, నీటిలోని సూక్ష్మజీవులను, చేపలను, ఆ చేపలను దిను చారల డాల్ఫినులను వరుసగా పరీక్షించిరి. డాల్ఫిను క్రొవ్వులోని పి.సి.బి. నీటిలోని దానికంటె కోటి రెట్లుగా లెక్కకు వచ్చెను. నీటిలో నున్నది సూక్ష్మాతిసూక్ష్మము. కాని చిన్నదానిని పెద్దది తినుచు బోవగా మెట్టుమెట్టున అది పోగుపడును. నేలపైని జంతువుల కాలేయము కొంతవరకైనను ఇట్టి విషమును విరిచి బయటికి నెట్టగలదు. డాల్ఫినులకును తిమింగిలములకును ఆ శక్తి మిక్కిలి తక్కువయని 1988లో తనాబెగారే చూపిరి.

వారి పట్టికలలో మమ్ములను అన్నిటికంటె ఎక్కువగా కలచిన విషయ మొకటి కలదు. మగ డాల్ఫిను శరీరమందు వయసుతో బాటు విషమును పెరుగుచునే యుండును. ఆడ డాల్ఫినులో మాత్రము ఈనిన పిమ్మట హఠాత్తుగా తగ్గును. ఎందుచేత? తల్లి తన భారములో సగమునకు మించిన భాగమును పాలద్వారా బిడ్డ కిచ్చివేయుచున్నది. తొలిచూలు బిడ్డకు దక్కునది అన్నిటికంటె నెక్కువ. మానవులకు ఈ న్యాయము వర్తింపదని యెవరైన ననుకొనిన యెడల పొరబాటు. చనుబాలలో ఈ పదార్థములుండుట మన దేశముతో సహా అనేక దేశములలో పరీక్షించి చూచిన విషయము. దీనిచే తల్లిపాలు మాన్పవలెనని కాదు. పాలకు సాటివచ్చు ఆహారము బిడ్డకు మరియొకటి లేదు. పాలలోనికి వచ్చు విషమును మూలమున ఆపవలెననియే మా వాదము.

జపానువారికి ఈ విద్య పుస్తకములవలన గాక అనుభవమువలన వచ్చినది. మినమాత యఖాతమున కర్మాగారపు మురుగుతో వచ్చిన పాదరసవిషము చేపలద్వారా ప్రజలను కుదించి, వంకరజేసి, చంపిన వైనము 1956లో బయటపడెను. 1960వ దశకమున వారును మనవలెనే వరిపొలములలో బి.హెచ్.సి.ని విచ్చలవిడిగా చల్లిరి. ఆ గడ్డి తిన్న ఆవుల పాలలో అది కనబడగా దేశమంతయు గగ్గోలుపడెను. 1971లో పొలములలో దాని వాడుకను మాన్పిరి. తమకు గుణపాఠము నేర్పిన పొడి పొరుగుదేశములలో నేమి చేయుచున్నదో చూతమని వారు మన వెల్లారు నదికి వచ్చుట గమనింపదగినది.

ఇక, పాశ్చాత్యులలో కొందరు ఈ ఫలితములను జేతబట్టుకొని, ఉష్ణదేశములవారే ధ్రువసముద్రమును చెడగొట్టుచున్నారని దీర్ఘములు తీయుట కలదు. వారితో మాకు కొంత లెక్క చూచుకొనవలసి యున్నది. ఈ పదార్థమును 1825లో మొదట చేసినవాడు లండనులోని ఫారడే. అది పురుగులను జంపునని 1940 ప్రాంతమున కనుగొన్నవారు ఆంగ్లేయులును ఫ్రెంచివారును. వారు దశాబ్దముల తరబడి తమ పొలములలో చల్లుకొన్నదియు, ఊరూర నమ్మినదియు ఈ పొడియే. 1948 నుండి 1997 వరకు ప్రపంచమున వాడినది సుమారు కోటి టన్నులని యొక యంచనా; అందులో మనదేశపు భాగము సుమారు పది లక్షల టన్నులు, చీనావారిది దాదాపు 45 లక్షలు. పి.సి.బి.ల విషయమున ముఖ్యాపరాధ మెవరిదో వేరుగ చెప్పనక్కరలేదు. 1929 మొదలు వాటిని అమ్మకమునకై చేసినది అమెరికా దేశము.

అయినను, పరుల తప్పును జూపి మన తప్పును కప్పిపుచ్చుకొనుట జాతీయత కానేరదు. మనము వాడిన పొడి యెట్టిదో చూడుడు. బి.హెచ్.సి. యనునది ఒకే పదార్థము గాదు; ఆల్ఫా, బీటా, గామా మొదలగు అనేక రూపముల మిశ్రమము. పురుగును జంపు శక్తి ముఖ్యముగా గామా రూపమునందే కలదు. ఆ గామా మిశ్రమములో నూటికి 10 నుండి 15 పాళ్లు మాత్రమే. ధనికదేశములు క్రమముగా గామాను విడదీసి వాడుకొనుటకు మరలినవి. మనము చౌకయని ముడిమిశ్రమమునే చల్లితిమి. అనగా రైతు మూటలోని పొడిలో ఎనుబదియైదు పాళ్లు పురుగునకు దాదాపు నిష్ప్రయోజనములు, గాలికిని సముద్రమునకును మనుష్యునకును మాత్రము భారములు. పేదరైతు తన సొమ్ము వెచ్చించి కొనినది అది! ఇందు విదేశీయుల నననేల? 1952లో కలకత్తా సమీపమున దానిని మనదేశముననే చేయ నారంభించిరి. స్వరాజ్యము వచ్చిన పిదప మన ప్రభుత్వములే దానికి అనుమతు లిచ్చినవి, ప్రచారము చేసినవి, సబ్సిడీల నొసగినవి.

అప్పటి యవసరములను మేము మరువలేదు. 1947లో మన దేశమున ఏటేట ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకుచుండెడిది, డి.డి.టి. చల్లుటచేత 1960వ దశకము నడిమికి ఆ సంఖ్య లక్ష ప్రాంతమునకు దిగెను. దానిచే బ్రదికిన వారి సంతతియే నేడు దానిని నిందించుచున్నదని యెవరైన ననిన యెడల మేము తలవంచి యొప్పుకొందుము. విదేశపు గోధుమలకై ఓడరేవుల వంక చూచుచుండిన దినములలో ఎకరమునకు రెండు బస్తాలు మిగిల్చిన పొడిని కాదనుట అధికారులకు సులభము కాదు. కాని 1971లో జపాను మానెను. 1983లో చీనా మానెను. మన ప్రభుత్వము మానినది 1997లో. మొదటి తేదీకిని కడపటి తేదీకిని నడుమనున్న యిరువదియారేండ్లకు ఏ మలేరియాయు ఏ కరవును సమాధానము కాజాలదు. వెల్లారు లెక్కలు ప్రకటితమైన పిదపను ఆరేడు సంవత్సరములు పొడి చల్లుచునే యుండిరి.

మానినందువలన ఫలమేమైన కలిగినదా? కలిగినది, ఆశ్చర్యకరముగా కలిగినది. చీనాయు, తరువాత మనమును చేయి వెనుకకు దీయగనే ధ్రువప్రాంతపు గాలిలో ఆల్ఫా రూపము తగ్గసాగెను. ఎంత తగ్గెననగా, అంతవరకు గాలినుండి విషమును గ్రహించుచుండిన బేరింగు ప్రాంతపు సముద్రము 1990వ దశకమున దానిని తిరిగి గాలికి వదలుచున్నదని బిడిల్‌మన్ మొదలగువారు కనుగొనిరి. గుంటూరు రైతు మూట ముడివేసి మూలబెట్టిన సంగతి అలాస్కా గాలికి దెలిసినది! వ్యర్థముగా నొక చట్టము చేసితి మను నిస్పృహ మనకు తరచు కలుగుచుండును. ఇచ్చట చట్టము పని చేసినది. 2001లో స్టాక్‌హోమున జరిగిన యంతర్జాతీయ యొడంబడికకు మన దేశము 2006 జనవరిలో స్థిరముగ సమ్మతించెను, 2009లో బి.హెచ్.సి. రూపములును అందు చేర్పబడెను.

మేము ఈ పాతకథను త్రవ్వుటకు కారణము క్రొత్తకథ యొకటి మన కన్నుల యెదుట నడచుచుండుటయే. పొడి పోయినది, కాని రసాయనములు పోలేదు. 2007లో స్వీడను దేశపు లార్సన్ మొదలగు శాస్త్రజ్ఞులు హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరువున, ఔషధకర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించిరి. శుద్ధి యైన తరువాతి నీటిలో, లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు కనబడెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తమున నుండు మోతాదుకంటె ఇది యెక్కువ. ఆ ప్రాంతపు వాగులు మంజీరలో గలియును. మంజీర గోదావరిలో గలియును. గోదావరి యెచటికి బోవునో చెప్పనక్కరలేదు. విశాఖపట్టణమునకు దక్షిణమున పరవాడ ఔషధనగరపు మురుగును శుద్ధిపిమ్మట గొట్టముద్వారా నేరుగా సముద్రములోనికే వదలు నేర్పాటు కలదు. ఇవి గాక, నీటికిని నూనెకును అంటని గుణముకొరకు వాడు ఫ్లోరిను సమ్మేళనములు కొన్ని బి.హెచ్.సి.ని మించి కాలమునకు లొంగనివి. ఇవన్నియు రేపు ఏ చేపలో, ఏ తల్లి శరీరమున ఎంతగా పోగుపడునో పలుకగలవా రెవరు?

పటాన్‌చెరువు నీటి సంగతి లోకమునకు చాటుటకు స్వీడనునుండి రావలసి వచ్చెను. వెల్లారు సంగతి తేల్చుటకు మాత్సుయామాతో చేయి కలుపవలసి వచ్చెను. సహకార మనినచో మాకు గౌరవమే. పరంగిపేటవారు కూలివాండ్రవలె మట్టిని మోసి పంపలేదు, సమానులై పరిశోధించి సమానులై తమ పేళ్లు ప్రకటించుకొనిరి. ఆ మార్గము శ్లాఘ్యము. కాని ఆ పరిశోధన యొక వ్యక్తి యుత్సాహమునకు, ఒక విశ్వవిద్యాలయపు స్నేహమునకు కట్టుబడిన దగుటచే, రెండు మూడేండ్ల లెక్కగా మిగిలెను. సముద్రమును రెండేండ్లు చూచి విడుచుట రోగి నాడిని ఒకసారి పట్టి వదలుటవంటిది. 1991 నుండి కేంద్రప్రభుత్వమువారు తీరజలములను పరీక్షించు కార్యక్రమ మొకటి నడుపుచున్నారు, అది మంచిదే. అయితే దాని ఫలితములు కాకినాడ జాలరికి గాని, మచిలీపట్టణపు రొయ్యల రైతునకు గాని అర్థమగు భాషలో చేరుచున్నవా యని మే మడుగుచున్నాము.

ఎహిమే విశ్వవిద్యాలయమున వా రొక వింత భాండాగారమును నెలకొల్పిరి. 1960వ దశకమునుండి లోకపు నలుమూలల సేకరించిన చేపలు, పక్షులు, తిమింగిలముల క్రొవ్వు, మట్టి, బురద అందు గడ్డకట్టు చలిలో భద్రపరుపబడి యున్నవి. దాని ప్రయోజనము గొప్పది. నేడు పేరైన లేని విషమును రేపు ఎవరైన కనుగొనినచో, పాత పొట్లమును విప్పి, అది యే సంవత్సరమున మొదట సముద్రమును జొచ్చినదో చెప్పవచ్చును, అపరాధి తప్పించుకొనజాలడు. ఆలుచిప్పలను బట్టి తీరములను కనిపెట్టు పద్ధతిని 1975లో అమెరికా శాస్త్రజ్ఞుడు గోల్డుబర్గు సూచింపగా, తనాబెగారు తమ సహచరులతో గూడి దానిని ఆసియా తీరములకు వ్యాపింపజేసిరి. ఆలుచిప్ప కదలక యొకే చోట నుండి నీటిని వడగట్టుచుండును గనుక అబద్ధము చెప్పని సాక్షి.

ఆంధ్రతీరము దాదాపు వేయి కిలోమీటర్లు. రెండు మహానదుల డెల్టాలు, అనేక రేవులు, లెక్కకు మించిన చెరువులు, ఔషధముల కర్మాగారములు ఒకే గట్టుమీద నున్నవి. భీమునిపట్టణము మొదలు కృష్ణపట్టణము వరకు పదిచోట్ల ఏటికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, తరువాత నొకసారి, గుప్పెడు బురదయు, కొన్ని కొయ్యంగలును, కొన్ని ఆలుచిప్పలును సేకరించి పొట్లము గట్టి, తేదీ వ్రాసి, గడ్డకట్టు పెట్టెలో నుంచుటకు రాజ్యములు అమ్ముకొనవలసిన పని లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున విద్యార్థులున్నారు. పడవలు మన జాలరులకు కలవు. పరీక్షించు యంత్రములు వెలగలవే. అవి నిదానముగ రావచ్చును. పొట్లము మాత్రము నేడు కట్టనిచో రేపు కట్టుటకు వీలులేదు. నేటి బురద రేపు దొరకదు.

చేపలవిషయమున నొక మాట. ఈ వ్యాసమును జదివి ఎవరును చేపలు తినుట మానవలదు. పరంగిపేట పరీక్షలలో బురదయందు కనబడినది స్వల్పమే. చేప పేదవాని మాంసకృత్తు, జాలరి జీవనము. ప్రజలు భయపడుదురను మిషతో లెక్కలను దాచు అధికారులే భయమును పెంచుచున్నారు. అంకెలు తెలిసినవాడు జాగ్రత్తపడును; తెలియనివాడు వదంతిని నమ్మును, ఆ వదంతితో జాలరి బుట్ట అమ్ముడుపోక యిల్లు జేరును. కనుక ఫలితములు తెలుగున, ప్రతి యేట, రేవుల యందును సంతల యందును ప్రకటింపవలెను. కర్మాగారపు గొట్టమునుండి ఏమి వెడలుచున్నదో పరీక్షించు సంఘమున జాలరుల ప్రతినిధులు కూర్చుండవలెను. వారి నీటిని గూర్చి వారు లేని చోట నిర్ణయించుట న్యాయము గాదు.

తీరప్రాంతపు శాసనసభ్యులు రాబోవు బడ్జెటు సమావేశములలో ఈ విషయమును ప్రస్తావింతురని యెదురుచూచుచున్నాము. రేవులకును, పారిశ్రామిక నడవలకును వందల యెకరములు చూపుచున్న ప్రభుత్వమువారు, ఆ పొట్లములు దాచుటకు ఒక చల్లని గదిని విశాఖపట్టణమున గాని కాకినాడయందు గాని యెచట చూపుదురో తెలుపవలసియున్నది.